రసమును కోసిన యంత్రము

మామిడిపండ్ల పెట్టెలపై అంటించు బొమ్మకై చిత్రకారుని వెదకుట అనాగరికమనియు, కాగితమును రంగులను వ్యర్థపరచుట ప్రకృతిద్రోహమనియు ఉపదేశించిన మా పట్టణపు మేనల్లుని మాట కాదనలేక, ఈ వైశాఖమున నూజివీటి తోటలో మంచెపై కూర్చుండి మేమును కృత్రిమ మేధను శరణు జొచ్చితిమి. చిన్నరసాల బుట్ట, ప్రక్కన మా ఊరి వీణ: ఇంతియే మా కోరిక. రెప్పపాటులో బొమ్మ ప్రత్యక్షమయ్యెను.

ఆహా, ఏమి పండ్లు! సొన మరక లేదు, మసి తెగులు లేదు, చెక్కిళ్లపై మాత్రము పెండ్లికూతురి సిగ్గువంటి ఎరుపు. అంతటితో తనియక ఆ మేధ యొక రసమును చదరపు ముక్కలుగా కోసి, వెండిపళ్లెరమున నమర్చి, ప్రక్కన కత్తి నుంచెను! అరచేతుల నడుమ మెత్తగా పిసికి, ముచ్చిక త్రుంచి, మోచేతి దాక కారుచుండగా జుర్రుకొనవలసిన పీచుపండును కోయవచ్చునని ఇచ్చట పాలు మరువని పసివాడైనను తలపడు. కోతకు బంగినపల్లి యున్నది. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. యంత్రము ఆ కాగితమును చదివియే యుండును.

ఇక వీణ మాట. మన పనివారు పనసదుంగను తొలిచి, మైనపు మేళముపై 24 మెట్లు నిలిపి, ఏడు తంత్రులు బిగింతురు. యంత్రము తొమ్మిది బిగించి, వాయించునామెకు ఆరు వ్రేళ్లు ప్రసాదించెను. అన్ని తంత్రులకు అయిదు చాలవని కాబోలు.

“అయినా ఒక్క చెట్టూ కూలలేదు కదా, మామయ్యా!” అనెను మేనల్లుడు.

“ఆ యంత్రం ఎక్కడుంటుంది, అబ్బాయిగారూ?” అని అడిగెను తోట కాచు ముసలివాడు.

“మబ్బులో, తాతా.”

“మబ్బయితే కురవాలి గదండీ!”

కురియుట యటుండనిమ్ము. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున గిగావాట్ పరిమాణపు డేటా సెంటరుకై అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించినది. అట్టి యంత్రశాలల తాపము చల్లార్చుటకు నీరో, మరికొంత విద్యుత్తో కావలెను. పనసమ్రానో, ఏండ్ల తరబడి కాయలు గాచి, పిదప వీణయై తరముల దాక పలుకుచున్నది. సుస్థిర భవిష్యత్తును గూర్చిన ఉపన్యాస మొక్కటియు అది విని యెరుగదు.

తుదకు, ఫ్లెక్సీలు వచ్చినది మొదలు పని లేక యున్న గోడవ్రాతల పెయింటరును పిలిపించితిమి. కుంచె పట్టుటకు ముందే అతడు నాలుగు రసములు జుర్రెను. పెట్టెలు సిద్ధముగా నున్నవి. కొనువారు కత్తి తెచ్చుకొన నక్కరలేదు.