ఎటూ పోని బండికి బ్రేకు

రేసు కారు నడపాలంటే డబ్బుండాలి, ధైర్యం ఉండాలి, దగ్గర్లో అంబులెన్సు ఉండాలి. అదే కారు ఇంట్లో కూర్చుని నడపాలంటే ముందుగా ఉండాల్సింది కదలని కుర్చీ. స్టీరింగు వచ్చిన అట్టపెట్టె మీద నిప్పులు కక్కుతూ దూసుకుపోయే కారు బొమ్మ ఉంటుంది గానీ కుర్చీ ఊసు ఉండదు. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని, కంప్యూటరు బల్లకు స్టీరింగు బిగించి, మొదటి మలుపు దగ్గర బ్రేకు గట్టిగా తొక్కి చూడండి. తెర మీద కారు ముందుకే పోతుంది, మనం వెనక్కి పోతాం. కారు మలుపు బయట ఇసుకలో దిగబడే వేళకి మనం బీరువా దగ్గర ఉంటాం.

దీనికి లోకమంతటా నాటువైద్యాలున్నాయి. కుర్చీ చక్రాలకు పాత బూట్లు తొడిగేవాళ్ళున్నారు. నేను అటక మీది పాత మంచం నవారు విప్పి కుర్చీని పెడళ్ళకు కట్టేశాను. కాలు పెడల్ని ముందుకు తోస్తుంది, వీపు కుర్చీని వెనక్కి తోస్తుంది. రెంటినీ కలిపి కట్టేస్తే ఆ తగువు వాటిలో అవే తేల్చుకుంటాయి, మధ్యలో నేలకు పని లేదు. సీటూ స్టీరింగూ పెడళ్ళూ ఒకే చట్రానికి బిగించే కాక్‌పిట్ ఎంత ఖరీదైనదైనా చేసేది ఇదే, కాకపోతే నవారు బదులు ఇనుము వాడుతుంది. అయితే కుర్చీ ఆగిన రోజే దాని వీపు వాలడం మొదలైంది. వీపుకు చెక్క అడ్డం పెడితే పెడళ్ళ పలక వంగింది. పలక మారిస్తే బల్ల ఊగింది. బలం ఎక్కడికీ పోదు. ఒకచోట బిగిస్తే ఇంకోచోట వదులు వెతుక్కుంటుంది. కాక్‌పిట్ కట్టడమంటే ఆ బలం వెనకాల స్పానరు పట్టుకుని తిరగడమే. రేసు ఆడేది స్పానరు కనపడనప్పుడు.

బల్ల ఊగడానికి కారణం, రోడ్డు లాగుడు చేతికి తెలిసేలా స్టీరింగును తిప్పే మోటారు. 2015లో వచ్చిన లాజిటెక్ జీ29 లాంటి వాటిలో ఆ మోటారు తిప్పుడు బలం రెండు న్యూటన్ మీటర్ల చిల్లర. అదీ పళ్ళచక్రాల మీదుగా చేతికి అందుతుంది. 'డైరెక్ట్ డ్రైవ్' జాతిలో పళ్ళచక్రాలూ లేవు, బెల్టూ లేదు, మోటారు ఇరుసుకే స్టీరింగు తగిలిస్తారు. వాటిలో చిన్నవే 5, 8 న్యూటన్ మీటర్లు. న్యూటన్ మీటరంటే ఇంట్లో ఎవరూ కరగలేదు గనక కిలోల్లోకి మార్చి చెప్పాను: 28 సెంటీమీటర్ల స్టీరింగు అంచు దగ్గర 8 న్యూటన్ మీటర్లంటే సుమారు 6 కిలోల లాగుడు.

"ఆరు కిలోలు లాగడానికి అంత డబ్బెందుకండీ? రైతు బజారు నుంచి కూరలు మోసుకు రండి" అంది మా ఆవిడ.

విదేశాల్లో ఈ కాక్‌పిట్‌లను ఎక్కువగా అల్యూమినియం ప్రొఫైలుతో కడతారు. 40 మిల్లీమీటర్లకు 80 మిల్లీమీటర్ల కడ్డీలు, పొడవునా గాడి, గాడిలో జారే నట్లు; ఏ ముక్కనైనా ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. చూడటానికి బాగుంటుంది, బిల్లు చూడటానికి బాగుండదు. పైగా విజయవాడలో ఉంటూ, ఆటోనగర్‌ను పక్కన పెట్టుకుని, ఇనప చట్రం కోసం పార్సిలు ఎదురుచూడటం ఊరికి అవమానం. లారీ ఛాసిస్ నెత్తిన బాడీ మొత్తం కట్టి పంపించే చోటు అది. స్క్వేరు పైపులు అక్కడే కొన్నాను. సీటు పాత సామాన్ల వరసలో దొరికింది: మారుతి 800ది. ఆ కారు 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైంది గనక దాని సీట్లకు ఆటోనగర్లో కరువు రాదు. ఫార్ములా కారులో మడమలు పైకెత్తి వెల్లకిలా పడుకుంటారు. మారుతి సీట్లో, పెళ్ళికి బయల్దేరిన పెద్దమనిషిలా నిటారుగా కూర్చోవాలి. అయినా ముందుకూ వెనక్కూ జరిపే పట్టాలు సీటుతోపాటే వచ్చాయి, అది లాభం.

వెల్డింగు మేస్త్రి నేను గీసిన బొమ్మను తిన్నగా చూశాడు, తిప్పి చూశాడు, వెనకవైపు ఏమైనా ఉందేమోనని చూశాడు.

"ఇది ఏ బండికి బాబూ?"

"బండికి కాదు బాబాయ్, ఇదే బండి."

"చక్రాలేవీ?"

"ఉండవు."

"ఇంజను?"

"కంప్యూటర్లో ఉంటుంది."

"మరి ఎటు పోతుంది?"

"ఎటూ పోదు."

ఆయన చేతిలో రాడ్డు కింద పెట్టాడు. "ఎటూ పోని బండికి బ్రేకెందుకయ్యా?"

మోటారు క్రీడల మీద ఇంతకు మించిన ప్రశ్న నేను వినలేదు. నేను జవాబు కూడగట్టుకునే లోపు పక్క షెడ్డువాళ్ళు కూడా జవాబు కోసం వచ్చి నిలబడ్డారు. అయితే పని మొదలెట్టాక ఆయన నా బొమ్మలో లేనివి రెండు పెట్టాడు: మూలమూలకూ ఒక త్రికోణం రేకు, స్టీరింగు నిలువు పైపుల మధ్య ఒక అడ్డపైపు. ముందు అంతా చుక్కలు పెట్టి నిలబెట్టి, మూలమట్టంతో చూసుకుని, ఎదురెదురు మూలలు మార్చి మార్చి అతికాడు. ఒకే వైపు వరసగా అతుక్కుంటూ పోతే వేడికి పైపు లాగేసి చట్రం మెలి తిరుగుతుంది. "ఎటూ పోకపోతే పోయింది, వంకర పోకూడదుగా" అన్నాడు.

ఎటూ పోని బండికి నిజానికి అన్నిటికన్నా ముఖ్యం బ్రేకే. మామూలు పెడలు మన కాలు ఎంత దూరం వెళ్ళిందో కొలుస్తుంది. అసలు కారులో ప్యాడ్లు డిస్కును పట్టుకున్నాక పెడలు పెద్దగా కదలదు. ఆపైన లెక్కంతా ఎంత గట్టిగా తొక్కామన్నదే. ఫార్ములా 1 డ్రైవర్లు 100 కిలోల పైన తొక్కుతారు. కాలికి కూడా దూరం కన్నా బలమే బాగా గుర్తుంటుంది. అందుకని దూరం బదులు బరువు కొలిచే లోడ్ సెల్ పెట్టాలి. అదేమీ రాకెట్ సామాను కాదు, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలో పళ్ళెం కింద ఉండే లోహపు దిమ్మె. కాటాలు బాగుచేసే కొట్టుకు వెళ్ళి 200 కిలోలది అడిగాను.

"ఏం తూస్తారండీ?"

"నా కాలు."

ఆయన ఇంకేమీ అడక్కుండా చిల్లర ఇచ్చేశాడు.

ఆ దిమ్మె ఇచ్చే సంకేతం మరీ బక్కది. దాన్ని హెచ్ఎక్స్711 అనే చిప్పు అంకెలుగా మారుస్తుంది, ఆ అంకెల్ని ఆర్డుయినో లియోనార్డో బోర్డు కంప్యూటరుకు చేరవేస్తుంది. తిరకాసు ఎక్కడంటే, బజార్లో దొరికే చాలా బోర్డుల్లో ఆ చిప్పు సెకనుకు 10 సార్లే బరువు చూస్తుంది. ఉల్లిపాయలకు అది ధారాళం. గంటకు 200 కిలోమీటర్ల మీదున్న కారు మాత్రం సెకనులో పదో వంతుకు ఐదున్నర మీటర్లు పోతుంది. నేను తొక్కిన కబురు చిప్పుకు తెలిసే లోపు కారు తన పొడవుకు మించి ముందుకెళ్ళిపోతుంది. చిప్పు 15వ కాలును బోర్డు నుంచి లేపి దానికి కరెంటిస్తే 80 సార్లు చూస్తుంది. కంటికి ఆనని ఆ కాలు లేపేటప్పుడు మా ఆవిడ ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకుంది. ఈ యజ్ఞంలో ఆమె వేసిన సమిధ అదొక్కటే. ఆ టార్చి మాత్రం ప్రతి తగువులోనూ వెలుగుతూనే ఉంది.

దొరికినదానితో అతుకులేయడం ఉత్తుత్తి బండి నడిపే ఈ విద్యకు పుట్టుకతోనే అబ్బింది. 1920ల చివర్లో అమెరికాలో ఎడ్విన్ లింక్ విమానం నడపడం నేర్పే కదిలే పెట్టె తయారుచేశాడు. వాళ్ళ నాన్నకు పియానోలు, ఆర్గన్‌లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి తిత్తులూ గాలి పంపులతోనే పెట్టెను ఊపాడు. మొదట్లో దాన్ని కొన్నవి వినోదాల పార్కులు. 1934లో అమెరికా సైన్యం కొన్నాక గాని గౌరవం రాలేదు. మా ఇంటికి ఇంకా ఏ సైన్యమూ రాలేదు.

తెర లెక్క వేరు. 27 అంగుళాల తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే చూపులో 53 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ఆటలోనూ ఆ 53 పెడితేనే దూరాలు నిజం కొలతలో కనపడతాయి, మలుపు ఎంత దూరముందో కన్ను పోల్చుకుంటుంది. కానీ పక్కన ఏముందో తెలియదు. 90 పెడితే పక్క కారు కనపడుతుంది గానీ మలుపు ఎక్కడికో జరిగిపోతుంది. అసలు మందు పక్కన మరో రెండు తెరలు. ఆ బిల్లు మా ఇంటి సభలో ప్రవేశపెట్టక ముందే వీగిపోయింది.

సీటు కింద బాస్ షేకర్ కూడా పెట్టాను. అదీ స్పీకరు లాంటిదే, పాట బదులు వణుకు పుట్టిస్తుంది. గేరు మారినా, చక్రం రోడ్డు అంచు గట్టెక్కినా సిమ్‌హబ్ అనే సాఫ్ట్‌వేరు దానికి కబురంపుతుంది. ఆ గట్టు నా వీపుకు తెలియడం బాగానే ఉంది, కింది ఫ్లాటు కప్పుకు కూడా తెలిసింది. "పైన బోరు వేయిస్తున్నారా?" అని వచ్చారు. నాలుగో అంతస్తులో బోరేమిటండీ అనబోయి, కాదంటే తర్వాత రాబోయే ప్రశ్న తట్టి, వాషింగ్ మెషీను కాళ్ళ కింద వేసే రబ్బరు దిమ్మెలు నాలుగు కొనుక్కొచ్చాను.

దీనివల్ల ఉపయోగం ఏమిటని మా ఆవిడ అడిగినప్పుడు నా దగ్గరున్న బ్రహ్మాస్త్రం జాన్ మార్డెన్‌బరో. వీడియో గేములో మొదలెట్టి, 2011లో జీటీ అకాడమీ పోటీ గెలిచి, నిజం కారెక్కి ల మాన్ 24 గంటల రేసు దాకా వెళ్ళిన కుర్రాడు.

"అప్పుడు ఆ అబ్బాయికి ఎన్నేళ్ళు?"

"పందొమ్మిది."

ఆమె ఏమీ అనకుండా నా నడుముకు రాసే ఆయింట్‌మెంటు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఈలోగా వేసవికి మామగారు వచ్చారు. ఆర్టీసీలో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి రిటైరైన మనిషి. కాక్‌పిట్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎక్కి కూర్చుని, "హారనేది?" అన్నారు.

"రేసు కారుకు హారనుండదండీ."

"మరి ముందువాడు ఎలా తప్పుకుంటాడు?"

"తప్పుకోడండీ."

"ఓహో, మన రోడ్డే."

ర్యాలీ ఆటల కోసం పెట్టిన లీవరు పట్టుకుని ఇదేమిటన్నారు. హ్యాండ్‌బ్రేకు, మలుపు తిప్పడానికి అన్నాను. "అల్లుడుగారూ, హ్యాండ్‌బ్రేకు బండి ఆగాక వేసేది" అన్నారు, వర్షంలో డోర్నాల దాటుతున్నంత గంభీరంగా. రేసు మాట ఇక ఎత్తకుండా ఆయనకు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పెట్టాను. చెక్ రిపబ్లిక్ సంస్థ 2012లో విడుదల చేసిన ఆట. యూరప్ అంతా లారీలో సరుకు తోలడమే పని. జర్మనీలో మొదలెడితే, "వీళ్ళంతా నా మీదికే వస్తున్నారేమిటి?" అని లారీ పక్కకు తీసి ఆపేశారు. అక్కడ కుడివైపు నడుస్తారని చెబితే అది వాళ్ళ ఖర్మ అన్నారు. చివరికి లారీని పడవెక్కించి ఫ్రాన్సు నుంచి డోవరులో దింపాను. బ్రిటన్‌లో ఎడమవైపే కదా! అప్పట్నుంచి ఆయన ఆ దీవి దాటి రాలేదు. కొండ ఎక్కిన గేరులోనే దిగుతారు, సిగ్నలు దగ్గర న్యూట్రల్ చేస్తారు. లారీకి ఇంతవరకు గీత పడలేదు.

ఒక్కటే ఫిర్యాదు: స్టీరింగు మరీ చిన్నది. బస్సుది కావాలన్నారు. 45 సెంటీమీటర్ల చక్రం తగిలిస్తే అవే 8 న్యూటన్ మీటర్లు అంచు దగ్గర మూడున్నర కిలోలకు దిగిపోతాయి, లాగుడు తెలియదు, ఇంకా పెద్ద మోటారు కావాలి, దానికి చట్రంలో ఇంకో అడ్డపైపు కావాలి అని లెక్క కట్టి చూపించాను. ఈ 8 న్యూటన్ మీటర్ల మోటారు కొనుక్కొచ్చిన రోజు మూడు పూటలు నాతో మాట్లాడని మా ఆవిడ పోపు వేస్తూ వెనక్కి తిరగకుండానే, "నాన్న అడుగుతున్నారు కదండీ, తెచ్చేయండి" అంది.

నిన్న మామగారు బర్మింగ్‌హామ్ దగ్గర లారీ ఆపి, పక్క అద్దాలు తెరలో కనపడటం లేదు, వెనక వచ్చేవాడు తెలియకుండా ఎలా పోవడం అన్నారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాను.

"నిజమే మామయ్యగారూ. అటొక తెరా ఇటొక తెరా ఉంటే రెండద్దాలూ కనపడతాయి. ఆ మాట మీ అమ్మాయితో నేనెందుకు గానీ, మీరే ఒకసారి అనండి."