ప్రవేశ ప్రకటన: టీకా తాత్పర్య సహితము

అవతారిక

అమెరికా విశ్వవిద్యాలయాలలో మతాధ్యయనం, బైబిలు అధ్యయనం అనే శాస్త్రాలలో పీహెచ్‌డీకి విద్యార్థులను చేర్చుకోవడం కోసం ఏటా వెలువడే ప్రవేశ ప్రకటన పరిమాణంలో సూత్రప్రాయం, అర్థంలో అగాధం. వేదానికి సాయణుడు, కాళిదాసుకు కోలాచల మల్లినాథసూరి దొరికినట్టు ఈ వాఙ్మయానికి వ్యాఖ్యాత ఒక్కడూ దొరకకపోవడం వల్ల, దీనిని ఆశ్రయించినవారిలో చాలామంది వాచ్యార్థాన్నే నమ్ముకొని, రుసుము చెల్లించి, వసంతం దాకా వేచి, భంగపడుతున్నారు. మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ పలకననీ మెదక్ సీమకు చెందిన ఆ మల్లినాథుడు పట్టిన ప్రతినను ఈ వ్యాఖ్యానమూ తలదాలుస్తున్నది. అందులో మొదటి సగం పాటించడం తేలికే కానీ, రెండవ సగం గట్టిగా పాటిస్తే వ్యాఖ్యాతలకు పని ఉండదు. ప్రకటన పాఠం పీఠానికొక తీరుగా ఉన్నా సారం ఒకటే కనుక, ప్రతులన్నిటినీ సమన్వయించి కూర్చిన పాఠం ఇక్కడ మూలంగా స్వీకరించబడింది.

మూలము

విభాగమునకు తగిన అభ్యర్థి డిసెంబరు నెలలో ఉద్దేశ్యపత్రమును, రచనా నమూనాను, మూడు సిఫారసు లేఖలను రుసుముతో కూడ సమర్పింపవలెను. భాషాసంపత్తి కలవారికి ప్రాధాన్యము. ఫలితము వసంతమున తెలియజేయబడును.

ప్రతిపదార్థము

విభాగమునకు = సెలవులో లేక, పదవీ విరమణకు దగ్గరపడక, ఆ ఏడు కొత్త శిష్యులను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు ముగ్గురు ఆచార్యులకు; తగిన = (విశేషాలలో చూడదగును); అభ్యర్థి = అప్పటికే ఒకటి, తరచు రెండు, మాస్టర్స్ పట్టాలు పుచ్చుకొని ఇంకా చదువు మీద విరక్తి కలగని వ్యక్తి; డిసెంబరు నెలలో = ఆ వ్యక్తికి సెమిస్టరు పరీక్షలూ, సిఫారసు రాయవలసిన గురువులకు దిద్దవలసిన పేపర్లూ ఒకేసారి వచ్చిపడిన వేళలో; ఉద్దేశ్యపత్రమును = గడచిన పదేళ్లూ రాబోయే పదేళ్లూ రెండు పేజీలలో ఇమిడిన వ్యాసాన్ని; రచనా నమూనాను = ఇరవై పుటల పైచిలుకు పరిశోధన వ్యాసాన్ని; రుసుముతో కూడ = తిరిగి రాని సొమ్ముతో; వసంతమున = ఫిబ్రవరి మొదలుకొని ఏప్రిల్ నడిమి దాకా ఎప్పుడో ఒకప్పుడు; తెలియజేయబడును = కర్మణి ప్రయోగం, కర్త అధ్యాహార్యం, అనగా ఎవరు నిర్ణయించారో ఊహించుకోవలసిందే.

తాత్పర్యము

తమలో ఒక ఆచార్యుని పరిశోధనకు దగ్గరగా ఉన్న ప్రశ్న ఒకటి చేతబట్టుకొని, ఆ ప్రశ్నకు కావలసిన ప్రాచీన భాషలను ముందే నేర్చి వచ్చినవారిని మాత్రమే పరిశీలిస్తామనీ, అటువంటివారే ఎక్కువమంది వస్తే వారిలోనూ అధికులను కాదంటామనీ, ఎందుకు కాదన్నదీ చెప్పబోమనీ భావము.

విశేషములు

‘విభాగము’ అనే మాటకు ఇక్కడ రెండు వంశాలున్నాయి. మొదటిది సెమినరీలు, డివినిటీ స్కూళ్ల వంశం. క్రైస్తవ బోధకులను, సంఘ కాపరులను తయారుచేయడానికి పుట్టిన ఈ సంస్థలలో ప్రిన్స్‌టన్ థియొలాజికల్ సెమినరీ (1812), హార్వర్డ్ డివినిటీ స్కూలు (1816), న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీ (1836) పెద్దలు. రెండవది మతాధ్యయన శాఖల వంశం. 1963లో ఆబింగ్టన్ వర్సెస్ షెంప్ అనే వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, ప్రభుత్వ బడులలో భక్తితో బైబిలు చదివించడం రాజ్యాంగ విరుద్ధమంటూనే, మతాన్ని ఒక పాఠ్యవిషయంగా నిష్పాక్షికంగా అధ్యయనం చేయడానికి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఈ శాఖలు విస్తరించడానికి ఆ మాట గొప్ప ఊతమైంది. మతాన్ని బోధించడం వేరు, మతాన్ని గురించి బోధించడం వేరు అనే ఈ భేదం తెలియని దరఖాస్తు ఎంత చక్కని ఇంగ్లీషులో ఉన్నా మొదటి పేజీలోనే పట్టుబడుతుంది. ఈ రెండు వంశాలు ఒకే ఊళ్లో పక్కపక్కన ఉండటం కూడా కద్దు; ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు మతశాఖా, పైన చెప్పిన సెమినరీ వేర్వేరు సంస్థలు కాగా, ఒకదానికి రాసిన పత్రాన్ని పేరు మార్చి రెండవదానికి పంపితే ఉభయభ్రష్టత్వం సిద్ధిస్తుంది. షికాగోలో మాత్రం డివినిటీ స్కూలే పీహెచ్‌డీ ఇస్తుంది. ఆ విశ్వవిద్యాలయానికి తొలి అధ్యక్షుడైన విలియం రెయినీ హార్పర్ స్వయంగా హీబ్రూ పండితుడు కనుక ఇందులో ఆశ్చర్యం లేదు.

‘అభ్యర్థి’ శబ్దం విషయంలో తెలుగు నాటి పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. 1964లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాల వంటి, సెరాంపూర్ విశ్వవిద్యాలయపు అనుబంధ కళాశాలలలో చదివినవారికి వచ్చే పట్టా బీడీ, అనగా బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ. అమెరికా సెమినరీలు కూడా ఒకప్పుడు ఇదే పేరుతో పట్టా ఇచ్చి, 1970 ప్రాంతంలో దానినే మాస్టర్ ఆఫ్ డివినిటీగా మార్చుకున్నాయి. పేరు మార్చుకున్నవారికి ఆ సంగతి గుర్తుండకపోవడం లోకసహజం కనుక, ‘బ్యాచిలర్’ అనే మాటను చూసిన గుమస్తా దానిని డిగ్రీ చదువుగానే లెక్కకట్టవచ్చు. పట్టా స్వరూపాన్ని వివరిస్తూ కళాశాల నుంచి ఒక లేఖ జతపరచడం ఇక్కడ ప్రాయశ్చిత్తం.

ఇక ‘తగిన’. ఈ వాక్యానికంతటికీ ప్రాణం ఈ మూడక్షరాలలోనే ఉన్నది. పూర్వపక్షి ఇలా ఆక్షేపించవచ్చు: తగిన అంటే అర్హత కలిగిన అని కాదా, అర్హతను మార్కులు చెప్పవా? కాదు. మార్కులు తలుపు దాకా తీసుకొనివెళతాయి. లోపలికి పిలిచేది ఆ విద్యార్థి ప్రశ్నను ఆరేడేళ్ల పాటు వినడానికి ఇష్టపడిన ఆచార్యుడు. మొదటి తరగతిలో ఉత్తీర్ణులైన వ్యక్తి పౌలు లేఖల మీద పరిశోధన చేస్తానని, పౌలు లేఖలు చెప్పేవారు లేని శాఖకు రాస్తే, ఆ శాఖ కాదనడంలో అవమానమేమీ లేదు, అక్కడ పని జరగదన్న వాస్తవం తప్ప. తిరుపతి గంగమ్మ జాతర మీద పనిచేయదలచినవారికి దక్షిణాసియా మతాలు తెలిసినవారూ, తెలుగు తెలిసినవారూ ఉన్న చోటే చోటు. ఎమొరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ ఆ గంగమ్మ మీదనే 2013లో ఒక గ్రంథం వెలువరించారు కనుక, తెలుగు పరిశోధన భాషగా చెల్లుబాటు అవుతుందా అన్న శంకకు తావు లేదు. అయితే గ్రంథం బీరువాలో ఉన్నంత మాత్రాన గ్రంథకర్త ఇంకా శిష్యులను తీసుకుంటున్నట్టు కాదు. పదిహేనేళ్ల కిందటి పుస్తకం అట్ట వెనుక చిరునామా చూసి దరఖాస్తు పెట్టినవారు ఎందరో ఉంటారు. సెప్టెంబరులోనే సదరు ఆచార్యునికి నాలుగు వాక్యాల ఉత్తరం రాసి, ఈ ఏడు విద్యార్థులను తీసుకుంటున్నారా అని అడగడం మర్యాదకు లోపం కాదు. చాలామంది జవాబిస్తారు, కొందరు ఇవ్వరు, ఇవ్వకపోవడమూ ఒక జవాబే. 1880లో పుట్టిన బైబిలు సాహిత్య సంఘమూ, 1909లో వేరే పేరుతో మొదలైన అమెరికన్ మతాధ్యయన అకాడమీ కలిసి నవంబరులో జరిపే వార్షిక సమావేశం కూడా ఈ పనికి ఉపకరిస్తుంది. శాస్త్రచర్చ కోసమని చెప్పే ఆ సభలో కాఫీ వరుసలలోనే భావి గురుశిష్యుల చూపులు ఎక్కువగా కలుస్తాయని తెలిసినవారి మాట.

‘ఉద్దేశ్యపత్రము’ ఏకకర్తృకమా, బహుకర్తృకమా అన్నది పండితుల మధ్య వివాదాంశం. మోషే పంచగ్రంథాలు ఒకే చేతి రచన కావనీ, నాలుగు మూలాల నుంచి సంకలనమయ్యాయనీ వాదించిన జర్మన్ పండితుడు యూలియస్ వెల్‌హౌజన్ పద్ధతిని ఈ పత్రానికి అన్వయిస్తే, కనీసం మూడు పొరలు బయటపడతాయి. అన్నిటికన్నా ప్రాచీనమైనది బాల్యస్మృతి పొర. ఇందులో ఆదివారపు బడి, పాస్టరుగారైన తాతగారు, అమ్మమ్మ చెప్పిన పురాణకథ కనబడతాయి. రెండవది గురువుగారి పొర. ‘ఆఖ్యానం’, ‘దేహం’, ‘అధికారం’, ‘వలసోత్తర’ అనే మాటలు దట్టంగా ఉన్న వాక్యాలన్నీ ఈ కాలానివి. మూడవది చివరి సంపాదకుని పొర. ఈ సంపాదకుడు గడువు ముందు రాత్రి పనిచేసి, ప్రతి పీఠానికీ తగ్గట్టుగా ఆచార్యుల పేర్లు మార్చి, ఎక్కడో ఒక చోట నిరుటి విశ్వవిద్యాలయం పేరు వదిలివేస్తాడు. సంకలనం జరిగిందని రుజువు చేయడానికి ఇంతకంటె బలమైన అంతస్సాక్ష్యం లేదు.

ఈ మూడు పొరలలో మొదటిదానిని పూర్తిగా తీసివేయాలా అన్నది ధర్మసంకటం. దేవుడు పిలిచాడు కనుక వస్తున్నానని రాయడం సెమినరీలో వినబడుతుంది, విశ్వవిద్యాలయ శాఖలో వినబడదు. నాస్తికుణ్ణి కనుక నిష్పాక్షికంగా చదవగలనని రాయడం కూడా అక్కడ అంతే అప్రస్తుతం. సిద్ధాంతమేమంటే, విశ్వాసం అర్హతా కాదు, అనర్హతా కాదు. ప్రవేశాలను నిర్ణయించే సంఘం అడిగేది ప్రశ్న. ‘ఆది క్రైస్తవంలో స్త్రీలు’ అన్నది విషయమే తప్ప ప్రశ్న కాదు; రోమా నగరంలోని క్రైస్తవ సంఘానికి పౌలు రాసిన లేఖ చివరి అధ్యాయంలో ఫీబే అనే స్త్రీని ఏ పదంతో పరిచయం చేశాడు, తరువాతి అనువాదకులు ఆ పదాన్ని పురుషులకొక రకంగా, ఆమెకొక రకంగా ఎందుకు తర్జుమా చేశారు అన్నది ప్రశ్న. ఈ భేదం గ్రహించినవారి పత్రంలో తాతగారికి ఒక్క వాక్యం చాలు.

‘భాషాసంపత్తి కలవారికి ప్రాధాన్యము’ అన్నది మర్యాదకు వాడిన మాట. లేనివారికి ప్రవేశం దుర్లభమని దీనికి వ్యంగ్యార్థం. హీబ్రూ బైబిలు చదవదలచినవారికి హీబ్రూ, అరామిక్, గ్రీకు వచ్చి ఉండాలి, పైన అక్కాదియన్, ఉగరిటిక్ పరిచయం ఉంటే శోభ. కొత్త నిబంధన వారికి గ్రీకు ప్రధానం, దానికి తోడు హీబ్రూ, లాటిన్, కాప్టిక్, సిరియాక్ భాషలలో కొన్ని. బౌద్ధం చదివేవారికి సంస్కృతం, పాళీ, టిబెటన్, చైనా భాషలలో విషయానుసారంగా. ఇవి గాక అందరికీ జర్మన్, ఫ్రెంచి భాషలలో చదివి అర్థం చేసుకునే శక్తి. ప్రవక్తలు జర్మన్‌లో మాట్లాడలేదు కదా అని పూర్వపక్షి నవ్వవచ్చు. ప్రవక్తలను గురించి పందొమ్మిదవ శతాబ్దంలో వాదులాడుకున్నవారు జర్మన్‌లోనే వాదులాడుకున్నారు, ఆ వాదం ఇంకా తెగలేదు.

ఈ సందర్భంలో ఒక దేశీయ దోషం గమనించదగినది. ఇంటర్మీడియట్‌లో రెండవ భాషగా సంస్కృతం తీసుకుని, నూటికి తొంభై అయిదు పైన సంపాదించి, దేవనాగరి లిపిలో ఒక్క శ్లోకమైనా తడుముకోకుండా చదవలేని ఆంధ్ర, తెలంగాణ యువత కోకొల్లలు. ఆ మార్కుల పట్టికను దక్షిణాసియా మతాల శాఖకు జతపరచితే, ముఖాముఖిలో ఎదుటివారు ప్రేమగా ఒక పుట తెరిచి చదవమంటారు. దీనికి విరుగుడు వేసవి పాఠశాల. ఇంటిలో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడి పెరిగినవారు ‘ప్రాచీన భాషలు’ అన్న గడిలో ఏమీ నింపలేక కుంగిపోవడం కూడా కద్దు. వారి పరిశోధన దక్కను దర్గాల మీదనో, తెలుగు క్రైస్తవ కీర్తనల మీదనో అయితే ఆ నాలుగు భాషలే సంపద అవుతాయి, యెషయా గ్రంథం మీద అయితే కావు. భాష విలువ భాషలో లేదు, అడిగిన ప్రశ్నలో ఉన్నది.

పాఠాంతర విచారం: కొన్ని ప్రతులలో ‘రుసుముతో’ అనే మాటకు ముందు ‘జీఆర్‌ఈ ఫలితముతో’ అని ఉన్నది, కొన్నింటిలో ‘ఐచ్ఛికముగా’ అనే విశేషణం చేరింది, అనేక ఆధునిక ప్రతులలో ఆ మాటే లేదు. రెండు పాఠాలలో కఠినమైనదే ప్రాచీనమైనదని బైబిలు పరిష్కర్తలు పాటించే నియమం ప్రకారం ‘జీఆర్‌ఈ తప్పనిసరి’ అన్నదే మూలపాఠం కావాలి, చరిత్ర కూడా దానినే సమర్థిస్తున్నది: 2020 నాటి మహమ్మారి తరువాత ఆ పరీక్షను చాలా శాఖలు విడిచిపెట్టాయి. టోఫెల్ మాత్రం ఇంకా చాలా ప్రతులలో చెక్కుచెదరలేదు.

సిఫారసు లేఖల గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉన్నది. లేఖను చూసే హక్కును వదులుకుంటున్నానని విద్యార్థి సంతకం చేయడం అక్కడి ఆచారం. చేయకపోతే ఆ లేఖకు విలువ తగ్గుతుంది. నువ్వే రాసుకురా, సంతకం పెడతాను అనే గురువులు మన వైపు ఎక్కువ కనుక, తన ప్రతిభను ప్రథమ పురుషలో వర్ణించుకునే ప్రబంధ విద్య కొందరికి ముందే అలవడుతుంది. మూడు లేఖలలోనూ ఒకే విశేషణాలు, ఒకే అక్షరదోషాలు కనబడితే సంఘంవారికి కర్తృత్వ నిర్ణయం కష్టం కాదు. రుసుము పీఠానికి సుమారు వంద డాలర్లు. పది పీఠాలకు రాసేవారు గుణించుకోగలరు. మాఫీ కోరే వీలు చాలా చోట్ల ఉన్నా, అడగనివారికి అది లేదు.

‘తెలియజేయబడును’ అన్న చివరి క్రియలో ధ్వని అంతా మౌనమే. సంఘం జనవరిలో చదువుతుంది, ఫిబ్రవరిలో కొందరితో వీడియోలో మాట్లాడుతుంది, తరువాత ఆహ్వానాలు, నిరీక్షణ జాబితాలు, తిరస్కారాలు ఆ వరుసలో బయలుదేరుతాయి. ఆహ్వానం అందినవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆర్థిక సహాయంతో కూడిన ఆహ్వానానికి ఏప్రిల్ 15 కంటె ముందు జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయరాదని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ఉన్నది, దాని మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు దానికి కట్టుబడి ఉండాలి. రెండవది, మంచి పీఠాలు ఫీజు మాఫీ, జీవనభృతి, ఆరోగ్య బీమా మూడూ ఇస్తాయి, బదులుగా కొన్ని సెమిస్టర్లు పాఠం చెప్పించుకుంటాయి. ఈ మూడూ లేకుండా పేరు ప్రతిష్ఠలు మాత్రమే ఇచ్చేవీ ఉన్నాయి. పట్టా చేతికి వచ్చేనాటికి స్థిరమైన అధ్యాపక ఉద్యోగాలు పట్టభద్రుల కంటె తక్కువగా ఉండే ఈ శాస్త్రంలో, అప్పు చేసి డాక్టరేటు చదవడం తగదు. భృతి ఎంతో, ఎన్నేళ్లో, వేసవి నెలలకు కూడా ఉందో లేదో రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా, ఎంత పెద్ద పేరున్న పీఠమైనా సరే, పాఠకులు అంగీకార పత్రం మీద సంతకం పెట్టకూడదు.