మార్కాపురం పలకకు వారంటీ లేదు

మార్కాపురం పలకల ఊరు. నల్లరాయిని పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, కొయ్య చట్రం బిగించి ఊరూరి బడికీ పంపింది. కోత దగ్గర లేచే దుమ్ము కూలీల ఊపిరితిత్తులకు చేటే గానీ, ఒక్క విషయంలో ఆ పలక నిజాయితీ గలది: తనను పంచితే చదువు వచ్చేస్తుందని ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ లోటు తీర్చడానికే కాబోలు, 2022 డిసెంబరు 21న, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5,18,740 ట్యాబుల పంపిణీ మొదలైంది. లోపల బైజూస్ కంపెనీ పాఠాలు. ఎన్ని ఇచ్చారో లెక్క చక్కగా ఉంది. ఎంత నేర్చారన్న లెక్కకే అంత ప్రచారం దొరకలేదు.

పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ 2022 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 10.3 శాతం. 2018లో 22.6. ఇందులో ట్యాబు తప్పేమీ లేదు, సర్వే అయ్యాకే అది వచ్చింది. ఆ పతనం చాలావరకు కరోనాకు బడులు మూతపడిన ఫలితం. అయితే దెబ్బ మూడో తరగతికి తగిలితే కట్టు ఎనిమిదో తరగతికి కట్టడం ఏం వైద్యమో! పలకలో మాత్రం మహిమ ఉందా? లేదు. 'వ' రాయమంటే ఓ కొమ్ము ఎక్కువ లాగి 'మ' చేసిన పిల్ల పక్కన ఓ మనిషి ఉండేవాడు. కొమ్మును వేలితో తుడిచి, బలపం మళ్లీ చేతికిచ్చి, 'దిద్దు' అనేవాడు. మెమరీ కార్డులోని పాఠం ఎంత రంగుల్లో ఉన్నా ఆ కొమ్మును చూడలేదు. పెరూలో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచాక 319 పల్లె బడుల్లో పరిశీలించి, లెక్కల్లోనూ భాషలోనూ మార్పు కనబడలేదని 2012లోనే తేల్చారు.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో పిల్లలు బాగుపడ్డారు కదా అంటారు. నిజమే. అక్కడి సాఫ్ట్‌వేర్ పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసి అక్కణ్నుంచే మొదలుపెట్టింది. చిన్న గుంపులకు చెప్పే మనిషీ ఉన్నాడు. మనవాళ్లు ఆ కథలో యంత్రాన్ని ఉంచుకుని మనిషిని కొట్టేశారు. డబ్బున్నవాళ్ల పిల్లలకున్నది పేద పిల్లలకు వద్దా అన్న ప్రశ్న ఇంకా గట్టిది. కావాలి, పూర్తిగా కావాలి. ఆ ఇళ్లలో ట్యాబుతో పాటు ట్యూషన్ మాస్టారూ, సాయంత్రం పక్కన కూర్చునే తల్లీ ఉంటారు. మార్కాపురం వైపు గిద్దలూరు, యర్రగొండపాలెం పల్లెల్లో వాన లేని ఏడు తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరపకోతకో, హైదరాబాదు, బెంగళూరు కట్టడాలకో పోతే, ట్యాబు ముందు పిల్లా, చదువు రాని అవ్వా మిగులుతారు. పాఠాలిచ్చిన కంపెనీపైనే 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ఈసారి ట్యాబుల టెండరులో 'పక్కన కూర్చుని చూసే మనిషి' అని ఓ గడి చేర్చవచ్చు. కాకపోతే పంతులును అట్టపెట్టెలో పెట్టి పుట్టినరోజున పంచడం కుదరదు.