జెండా తాడు పట్టినవాడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కేంద్ర హోం శాఖ కార్యదర్శి గారి సముఖానికి,

ఆంధ్రదేశంలోని ఒకానొక కలెక్టరేట్‌లో జెండా కట్టే మనిషి నమస్కరించి విన్నవించుకునేది. కాగితాల్లో నా హోదా ఆఫీస్ సబార్డినేట్. పిలుపులో అటెండర్. ఆగస్టు పదిహేనుకు వారం ముందు మాత్రం నా పేరు చివర 'గారు' వచ్చి చేరుతుంది, ఎందుకంటే ఆ ముడి వేసేది నేను. పెద్దలు తాడు లాగగానే పూలు రాలాలి, జెండా విచ్చుకోవాలి. విచ్చుకుంటే ఫొటో వారిది, బిగుసుకుంటే మెమో నాది.

తమరి జెండా నియమావళి 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. విశేష సందర్భాల్లో జెండా మడతలో పూలరేకులు పెట్టుకోవచ్చని కూడా అందులో రాశారు. ఎవరో అనుభవజ్ఞులే రాసి ఉంటారు. ఎగరేసేటప్పుడు చురుగ్గా, దించేటప్పుడు నెమ్మదిగా, మర్యాదగా అన్నారు. బాగుంది. పండగ రోజు సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను. ఆ రోజు చూసుకోవడానికి డీఆర్‌వో గారి నుంచి డ్రిల్లు మాస్టారి దాకా బోలెడుమంది ఉంటారు. నా గోడంతా పెద్దవాళ్లు పోయిన రోజుల గురించి. ఆ రోజు స్తంభం దగ్గర నేనొక్కణ్నే.

అవనతం చేయడమంటే పొద్దున్నే జెండాను సగం దాకా లాగి కట్టేయడమని లోకం అనుకుంటుంది. తమరి నియమం అది కాదు. ముందు కొస దాకా ఎక్కించాలి, క్షణం ఆగాలి, అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం దించేముందు మళ్లీ కొసకు ఎక్కించి, ఆ తర్వాతే కిందికి తేవాలి. గౌరవంగా ఉంది, కాదనను. కానీ పొద్దున నేను జెండాను పైకి లాగే ఆ క్షణంలోనే గేటు బయట ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. 'దేశం ఏడుస్తుంటే జెండా పైకెగరేస్తున్న ఉద్యోగి' అని ఊరి వాట్సాప్ గ్రూపుల్లో నేను తిరుగుతాను. వీడియో అక్కడితో ఆగుతుంది. సగానికి దించిన ముక్క ఎవరికీ అక్కర్లేదు.

సగమంటే ఎంత అన్నది ఇంకో పేచీ. స్తంభం ఒరగకుండా పక్కలకు లాగి కట్టే తాళ్లుంటే, కొసకూ ఆ తాళ్లకూ నడిమి దూరంలో సగం. అవి లేకపోతే స్తంభంలో సగం. మా స్తంభం సిమెంటు దిమ్మెలో నిలబెట్టిన ఇనుప గొట్టం, పక్క తాళ్లు లేవు. కాబట్టి సరిగ్గా నడిమికి. అంత కిందికి దించితే 'జారిపోయిందయ్యా, చూడు' అంటారు. రెండు మూరలు దించి వదిలేస్తే 'ఇప్పుడు సరిగ్గా ఉంది' అంటారు.

ఇక తమరి పట్టిక. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని పోతే దేశమంతా. గవర్నరు, ముఖ్యమంత్రి పోతే ఆ రాష్ట్రమంతా. లోక్‌సభ స్పీకర్, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పోతే ఢిల్లీలో. నియమావళి వచ్చి రెండు నెలలైనా నిండకముందే, 2002 మార్చి 3న స్పీకర్ బాలయోగి గారు కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. విడిగా సంతాపం ప్రకటిస్తేనో, అంత్యక్రియలు జరిగే చోటైతేనో వేరే మాట గానీ, ఉత్త పట్టికనే పట్టుకుంటే కోనసీమ బిడ్డ కోసం జెండా దిగాల్సింది కోనసీమలో కాదు, ఢిల్లీలో. రాష్ట్ర కేబినెట్ మంత్రి పోతే రాష్ట్ర రాజధానిలో అని ఉంది. రాజధాని ఏదో తేలని ఏళ్లు మాకు కొన్ని గడిచాయి. ఆ ఏళ్లలో ఈ పంక్తిని ఎలా చదవాలో పట్టిక కింద చిన్న వివరణైనా లేదు.

మన్మోహన్ సింగ్ గారు 2024 డిసెంబర్ 26 రాత్రి దాదాపు పది గంటలకు పోయారు. 26 నుంచి జనవరి 1 దాకా ఏడు రోజుల సంతాపం అన్నారు. ఆ 26న సూర్యాస్తమయానికే జెండా దిగి, మడతపడి, బీరువాలోకి వెళ్లిపోయింది. అంటే కాగితం మీద ఏడు రోజులు, స్తంభం మీద ఆరు. ఆఖరి రోజు కొత్త సంవత్సరం. అధికారిక వినోదాలు ఉండవని ఉత్తర్వు, పైన సగంలో జెండా, కింద బొకేలు పట్టుకుని 'హ్యాపీ న్యూ ఇయర్ సార్' అనడానికి వచ్చినవాళ్లు. వాళ్లను ఆపమని ఏ నియమంలోనూ లేదు గనుక నేను ఆపలేదు.

2022 సెప్టెంబర్ 11న బ్రిటన్ రాణి ఎలిజబెత్ గారికి ఒక్కరోజు సంతాపం. అది ఆదివారం. కలెక్టరేట్ జెండాకు ఆదివారాలు లేవు, ఎండావానా లేవు, ఆ మేరకు నాకూ లేవు. అప్పటికి నెల కిందటే ఇంటింటా త్రివర్ణం అన్నారు. అంతకు ముందే పాలిస్టర్ జెండాలకు, రాత్రిపూట కూడా జెండా ఉంచడానికి అనుమతిచ్చారు. ఆ ఆదివారం ఊళ్లోవాళ్లు తమ డాబాల మీది జెండాలు చూపించి 'మావీ దించాలా?' అని నన్నడిగారు. జెండా రోజూ ఎగిరే ప్రభుత్వ భవనాలకే ఆ ఉత్తర్వు అని చెప్పాను. ఒక ఆఫీసులో రోజూ జెండా ఎగరేసే ఆచారమే లేదు. వాళ్లు మాత్రం ఎక్కడి నుంచో జెండా తెప్పించి, ఎగరేసి మరీ దించారు.

నవ్వుకునే విషయమే గానీ, దీనికి చట్టం ఉంది. జాతీయ గౌరవ చిహ్నాలను అవమానించడాన్ని నిరోధించే 1971 నాటి చట్టంలో, ప్రభుత్వ ఉత్తర్వు లేని రోజున జెండాను సగంలో ఎగరేయడం అవమానాల జాబితాలోనే ఉంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంతాపం మొదలైందని చెప్పడానికి నాకు పదిమంది ఫోన్ చేస్తారు. అయిపోయిందని చెప్పడానికి ఒక్కరూ చేయరు. తేదీలున్న ఉత్తర్వు ఇంగ్లిష్‌లో వస్తుంది, సెక్షన్‌లో ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది, ఫైల్లోకి వెళ్తుంది. అది నా దాకా రాదు. తాడు మాత్రం నా చేతిలోనే ఉంటుంది.

జీతం పెంచమని రాయడం లేదు. సంతాపం ప్రకటించిన ప్రతిసారీ, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఏ ఉదయాన జెండా మళ్లీ కొసకు వెళ్లాలి అన్నది తెలుగులో నాలుగు పంక్తులు రాయించి, జెండా కట్టేవాడి ఫోనుకే నేరుగా పంపించే ఏర్పాటు చేయించండి. వీలైతే 'ముందు కొస దాకా ఎక్కించడం నియమమే' అని ఒక చిన్న బోర్డు కూడా మంజూరు చేయండి. దాన్ని గేటువైపు తిప్పి పెట్టుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కలెక్టరేట్ జెండా స్తంభం దగ్గర నుంచి.

నకలు: రాష్ట్ర సాధారణ పరిపాలన శాఖకు. ఢిల్లీ నుంచి వచ్చే ఆ నాలుగు పంక్తులు తమ దగ్గర ఆగిపోకుండా చూడవలసిందిగా ప్రార్థన.