జానెడు గీత, తలుపంత వైద్యము

కారుగల గృహస్థునకు బంధుమిత్రులు ముత్తెరగుల వారుందురు: కారెక్కువారు, కారడుగువారు, కారుపై గీత పడిన దినమున పరామర్శకు విచ్చేయువారు. మొదటి రెండు తెగలవారినుండి తప్పించుకొనుటకు పెట్రోలు ధరయో, బ్యాటరీ బలహీనతయో సాకుగా దొరకును గాని, మూడవ తెగవారికడ సాకులు చెల్లవు. కారు కదలకున్నను వారికి లోటులేదు. విశాఖపట్టణమున ఎం.వి.పి. కాలనీ రైతుబజారు చెంత నిలిపియుంచిన మా కారు ఎడమవైపు ముందు తలుపుపై, అజ్ఞాతవీరు డొక్కడు తన స్కూటరు బ్రేకుపిడితో జానెడు పొడవున నొక గీతను గీచి, క్రింద చేవ్రాలు చేయుటకు మాత్రము వినయముచే సంకోచించి నిష్క్రమింపగా, ఆ వార్త కారుకన్న ముందే మా వీధి చేరెను.

పైవాటా మాస్టారుగారు కండ్లజోడు సవరించుకొని, "టూత్‌పేస్టు పెట్టి రుద్దండి, ఇట్టే పోతుంది" అని సెలవిచ్చిరి. ఎదురింటి పిన్నిగారు కొబ్బరినూనెను, మా బావమరిది గోళ్ళరంగును ప్రతిపాదించిరి. మా పెదనాన్నగారు మాత్రము రంగుల జోలికి పోక, "గీత సంగతి తర్వాత, ముందు దిష్టి తీయించరా" అని నిమ్మకాయలకు పురమాయించిరి. న్యాయము చెప్పవలెనన్న, టూత్‌పేస్టులో సన్నని రాపిడిపొడి యుండుట నిజమే. పైపూతపై పడిన చిన్న గీతలను అది కొంత మరపింపగలదు. కొబ్బరినూనె మహిమ అది ఆరువరకే. నిమ్మకాయలు ఉన్న గీతను పోగొట్టలేదు గాని, రెండవదాని నింతవరకు రానీయలేదు గనుక వానిని నేను తప్పుపట్టజాలను.

కారు రంగని మనము వ్యవహరించునది నిజమునకు పొరల సముదాయము. రేకునకు మొట్టమొదట ఫాస్ఫేటు పూత, పిదప దేహమునంతటిని తొట్టిలో ముంచి విద్యుత్తుచే పట్టించు ప్రైమరు, దానిపై మరియొక ప్రైమరు, అటుపై రంగు, ఆ రంగును కాపాడుటకు పారదర్శకమైన క్లియరుకోటు. ఇన్నియు కలిసి ఇంచుమించు 100 మొదలు 150 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఆరవవంతునకు లోపే. అందు రంగు వాటా 20 మైక్రానుల ప్రాంతము. ఏ రంగు కొనవలెనని షోరూములో దంపతులు మాటలు మానుకొనునంతవరకు వాదించుకొందురో, ఆ రంగు మందము వెంట్రుక మందములో సగమైనను లేదన్న సత్యము కొనుటకు ముందు తెలిసిన, ఎన్ని సంసారములు సుఖించెడివో కదా!

గాజువాక ఆటోనగరులోని మేస్త్రి పరామర్శకు పూనుకొనలేదు. బొటనవ్రేలి గోటిని గీతకడ్డముగా మెల్లగా నడిపించెను. గోరు నడుమ ఆగెను. "గోరు పట్టేస్తంది బాబు. పాలిష్‌కి లొంగదిది. అడుగున రేకు అగుపడతంది. సముద్రపు గాలికి నాల్రోజుల్లో తుప్పెక్కుద్ది" అని, ఆ తుప్పు చుట్టుపట్ల రంగు క్రిందికి ప్రాకి పొక్కులు లేపు విధమును పక్కనున్న వేరొక కారుపై చూపెను. ఈ గీతకెంత యగునని నేనడిగితిని. "గీతకి రేటుండదు బాబు, తలుపుకే రేటు" అని ఆయన శాంతముగా నుత్తరమిచ్చెను.

ఇన్సూరెన్సు కలదు గదా యని మీరందురు. ఏమియు నడుగక నాలుగేండ్లు మౌనము వహించినందులకు నాకు ఓన్ డ్యామేజి ప్రీమియముపై 45 శాతము నో క్లెయిము బోనసు సిద్ధించియున్నది. నోరు విప్పి యడిగినచో ఆ తపఃఫలమంతయు సున్న. ఆపై 1500 సి.సి. లోపు కారునకు తప్పక మనము భరింపవలసిన 1000 రూపాయలు; జీరో డిప్రిసియేషను లేని పాలసీకి రంగుసామగ్రి ఖర్చులో సగము తరుగుదల. కూడి, తీసివేసి, మరల కూడగా, గీతకు నేనే సొమ్ము చెల్లించుకొనుట మేలని తేలినది. ఏటేటా ప్రీమియము కట్టునది అడుగకుండు హక్కును సంపాదించుకొనుటకే యని నా కప్పటికి బోధపడినది.

వైద్యమారంభమయ్యెను. మేస్త్రి నీట తడిపిన వాటరు పేపరుతో గీత యంచులను పల్లముగా నరుగదీసి, అట్టముక్కపై పుట్టీ యుంచి, చిటికెడు ఎర్రని హార్డెనరు కలిపి, అది బిగియక ముందే రేకుబద్దతో లాగెను. ఆరిన పిదప మరల నరుగదీసి, కన్నులు మూసికొని అరచేతితో తలుపును తడవి చూచెను. కంటికి దొరకని మిట్టపల్లములు చేతికి దొరకునట. ప్రైమరు కొట్టుటకు ముందు కిటికీ అద్దములకు పాత వార్తాపత్రికల నంటింపగా, వధూవరుల ప్రకటనలు నా కభిముఖముగా వచ్చెను. ప్రైమరు ఆరులోపల వానినన్నిటిని చదివితిని. వారిలో నొక్కరికైనను కారుపై గీత యున్నట్లు వ్రాయబడలేదు.

షెడ్డు నుదుట "డ్యూకో పెయింటింగ్" అని వ్రాసియుండెను. పూర్వము కారునకు వార్నిషు వేసి ఆర్చుటకు వారములు పట్టెడిదట. 1923 ప్రాంతమున డ్యూపాంటు కంపెనీవారి డ్యూకో యను లాకరు అమెరికాలో ఓక్లాండు కార్లకెక్కి, ఆ వారములను గంటలుగా కుదించెను. ఆ లాకరు కాలము చెల్లినను, పేరు మాత్రము మన షెడ్ల బోర్డులపై చిరంజీవియై యున్నది.

అసలు చిక్కు రంగు కలుపుటలో వచ్చెను. కారుపై అంటించిన చీటీలో రంగు కోడున్నది గదా యని నేను ధీమాగా నుండగా, మేస్త్రి నవ్వి, "కోడు పుట్టినప్పటి రంగు చెప్తాది బాబు. ఇప్పటి రంగు ఎండకే తెలుసు" అనెను. మాది వెండిరంగు, అందు నలిగిన అల్యూమినియపు రేకులుండును, పిచికారీ దూరము మారిన అవి పడుకొను తీరు మారి, ఒకే డబ్బాలోని రంగు రెండు రంగులుగా కనబడును. అందుచే ముందు బంపరు పక్కనున్న ఫెండరుపైకిని, వెనుక తలుపుపైకిని కొత్తరంగును పలుచన చేయుచు కలిపివేసి, మూడింటిపైనను క్లియరుకోటు కొట్టవలసి వచ్చెను. గీత జానెడు, దానికై తలుపు, తలుపునకై దాని యిరుగుపొరుగు.

ఎడమవైపు నిగనిగలాడుచు కారు ఇల్లు చేరెను. అంతవరకు యౌవనముననే యున్నదనుకొన్న కుడివైపు, దాని ప్రక్కన హఠాత్తుగా వృద్ధాప్యమును పొందెను. "ఫుల్ బాడీ కొట్టించీండి బాబు, ఒక్కలాగుంటాది" అన్న మేస్త్రి మాటను నేనింట చెప్పలేదు. అయినను మా ఆవిడ కారుచుట్టు ప్రదక్షిణముగా నడచి, ఎడమవైపు చూచి, కుడివైపు చూచి, పిమ్మట కన్నులెత్తి దూరముగా చూచి, "మన గేటు మరీ వెలిసిపోయినట్టు లేదూ?" అనెను.

మా గేటునకు రెండు రెక్కలు కలవు.