బర్రెల బాటకు మోకాలి సంజీవని

అవతారిక

కావ్యం కఠినంగా ఉంటుంది, వ్యాఖ్య దాన్ని సులువు చేస్తుంది. ఇక్కడ వరస తిరగబడింది. మూలం పసిపిల్లకైనా అర్థమవుతుంది; వ్యాఖ్యనే కాస్త ఓర్చుకోవాలి. మెదక్ దగ్గరి కొల్చారం మనిషి మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని రెండు ప్రతిజ్ఞలు చేశాడు. ఆయన మా చుట్టుపక్కల మనిషే కనుక మొదటి ప్రతిజ్ఞ నేనూ పాటిస్తాను.

ప్రయోజనం చెప్పకుండా గ్రంథం మొదలుపెట్టకూడదంటారు. నాకు నలభై ఎనిమిదేళ్లు. మూడేళ్లుగా పొద్దున్నే పరుగెత్తుతున్నాను. మేముండేది హైదరాబాదుకు పడమటి అంచున, ఔటర్ రింగు రోడ్డుకు అవతల. గేటు దాటగానే సీసీ రోడ్డు, దాని మీద తెల్లారకముందే కాంక్రీటు లారీలు. గట్టి నేల మోకాళ్లకు చేటా కాదా అన్నదాని మీద శాస్త్రంలో వాదాలున్నాయి. నా ఎడమ మోకాలికి మాత్రం ఏ సందేహమూ లేదు. అందువల్ల మట్టిదారి కావాలనే కోరిక పుట్టింది.

ఇక్కడ పూర్వపక్షం. "హైదరాబాదులో దారులకేం కొదవ, కేబీఆర్ పార్కు లేదా?" అనవచ్చు. ఉంది. ఊరి నడుమ సుమారు 390 ఎకరాల అడవి, నెమళ్లు, మట్టిబాట, అన్నీ ఉన్నాయి. కాని ఇంటి నుంచి కారేసుకుని వెళ్లి, బండి పెట్టే చోటు దొరికించుకునేసరికి ఎండెక్కుతుంది. నెక్లెస్ రోడ్డు ఉంది. ఆగస్టు మారథాన్ అక్కడే మొదలై ఫ్లైఓవర్లు ఎక్కి దిగి గచ్చిబౌలి స్టేడియంలో తేలుతుంది. అయితే అది తారు. మూసీ పుట్టిన అనంతగిరి కొండలున్నాయి. అవి ఆదివారానికి, అదీ తోడెవరైనా దొరికితే. రోజూ పరుగెత్తేవాడికి మంచి బాట అంటే బూట్లు తొడిగిన పది నిమిషాలకు కాలికింద మట్టి తగిలేది. తక్కినవి యాత్రలు.

అలా వెతుకుతున్న రోజుల్లో మా గేటు దగ్గర రాత్రి కాపలా కాసే పెద్దాయన నోట ఈ వాక్యం వెలువడింది. కవి స్వస్థలం పాలమూరు. కాలం ఒక నవంబరు పొద్దున అయిదుంబావు, డ్యూటీ మారే వేళ. చేతిలో చాయ్ గ్లాసు. కేవలం ఆశువు.

మూలము

"సీద పోండ్రి సార్. కట్ట ఎక్కుండ్రి. మైసమ్మ గుడి కాడ ఎడమ దిక్కు మర్లితే బాటుంటది. బర్రెలు పోతయ్ గద, గదే. కుక్కలుంటయ్, గని ఏమనయ్. ఉరకకుండ్రి, గంతే."

టీక

సీద: అనగా సూటిగా. ఉర్దూ నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మాట. ఆ రోడ్డుకు మూడు మలుపులున్నాయి కదా, సూటి ఎలాగవుతుందంటే, మలుపు తిరిగేది రోడ్డు, నడిచేవాడు కాదు; కనుక విరోధం లేదు.

కట్ట: చెరువుకట్ట. కరివేపాకు కట్టకు ఇక్కడ ప్రసక్తి లేదు, ఎక్కమన్నాడు గనుక. ఈ ఒక్క మాట మీదనే వ్యాఖ్యాత కొంతసేపు కూర్చోవలసి ఉంది. తెలంగాణలో సముద్రం లేదు, పెద్ద నదులు లోతున పారతాయి. కాబట్టి వాన నీళ్లను వాలు వెంట ఒకదాని కింద ఒకటిగా చెరువులు కట్టి ఆపుకున్నారు. వాటిని గొలుసుకట్టు చెరువులంటారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. ఇందులో పరుగెత్తేవాడికి ఏముందంటే చాలా ఉంది. కట్టకు అటూ ఇటూ రెండు గుట్టలు ఆనుకుంటాయి, నడుమ కట్ట కొంచెం వంపు తిరుగుతుంది. నీళ్లు ఎక్కడైనా సమమట్టంగా నిలుస్తాయి కనుక నీళ్లనాపే కట్ట కూడా పైన సమమట్టంగానే ఉండాలి. వెనకటి ఒడ్డెర్లు మట్టిగంపతో, కంటిచూపుతో సాధించిన ఆ సమమట్టం మీద నా మోకాలు ఈవేళ ఎత్తుపల్లాలు లేకుండా వెళుతోంది. నీటివైపు రాతిపరుపు, పొలంవైపు గడ్డివాలు, నడుమ మొరం. మొరం వాన వెలిసిన కాసేపటికే ఆరుతుంది, బూటుకు అంటదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువుల్ని బాగుచేయాలని తలపెట్టారు. పూడిక తీశారు, కట్టలకు మట్టి పోశారు. ఆ పథకం లాభనష్టాల లెక్కల్లో నాలాంటివాడి పేరు ఎక్కడా ఉండదు గాని, లబ్ధిదారుల్లో నేనూ ఒకణ్ని.

ఒక లోపం చెప్పాలి. కట్టకు ఒక కొసన మత్తడి ఉంటుంది. మంచి వానాకాలంలో అది దుంకుతున్నప్పుడు దారి అక్కడితో సరి. పాచిపట్టిన రాయి మీద మోకాళ్లలోతు నీళ్లయినా దాటాలని చూడకూడదు. వెనక్కి తిరగాలి. దీని వల్ల దూరం రెట్టింపవుతుంది, వాచీ సంతోషిస్తుంది.

(చెరువు పేరు ఏమిటని అడగవద్దు. పేరు బయటపడ్డ మరుసటి ఆదివారం అక్కడ డ్రోను దిగుతుంది, ఆ పై ఆదివారం సెల్ఫీ పాయింటు వెలుస్తుంది.)

మైసమ్మ గుడి కాడ: కట్ట మైసమ్మ. తెలంగాణలో కట్ట ఉన్నచోట మైసమ్మ ఉంటుంది. చెరువు తెగకుండా చూసే పని ఆమెది. కవి "పెట్రోలు బంకు కాడ" అనలేదు, "ఫలానా వెంచర్ కమాను కాడ" అనలేదు. మూడేళ్లలో కమాను పేరు రెండుసార్లు మారింది, మైసమ్మ మారలేదు. మరొక గూఢార్థం కూడా ఉంది. గుడి ఉన్నదంటే మంగళవారం, శుక్రవారం ఆడవాళ్లు వస్తారు, ఆషాఢంలో బోనాలెత్తుకుని ఊరే వస్తుంది. మనుషులు వచ్చే దారి ముళ్లకంపతో మూసుకుపోదు.

ఎడమ దిక్కు: ఇక్కడే వ్యాఖ్యాత మోసపోయాడు. ఎవరి ఎడమ? నాదా, అమ్మవారిదా? భక్తి పూర్వకంగా అమ్మవారి ఎడమ అని అన్వయించుకున్నాను. ఆ దిక్కున కట్ట దిగితే చెరువు శిఖం. నీళ్లు వెనక్కి తగ్గిన నేల, పైకి ఆరినట్టుంది, లోపల రేగడి. నాలుగడుగులకు ఒక్కో బూటు కిలో తూగింది; అయిదో అడుగుకు కుడిబూటు అక్కడే ఉండిపోయి నేను ముందుకు వెళ్లాను. రేగడి తన దగ్గరికి వచ్చినదాన్ని విడవదు. మొరానికీ రేగడికీ తేడా పుస్తకంలో చదవక్కర్లేదు, ఒంటికాలి మీద నిలబడి తెలుసుకోవచ్చు. కనుక సిద్ధాంతం: ఎడమ అంటే పోయేవాడి ఎడమ.

బాట: మూలానికి ప్రాణం ఈ పదం. బాట వేరు, రోడ్డు వేరు. రోడ్డును ఎవరో వేస్తారు, బిల్లు పెడతారు. బాట పడుతుంది. నడిచేవాళ్లుంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. అందుకే కవి "బాట ఉన్నది" అనక "బాటుంటది" అన్నాడు.

పాఠాంతరాలు: గోదావరి జిల్లాల ప్రతుల్లో "పుంత" అని, గుంటూరు ప్రతుల్లో "డొంక" అని కనిపిస్తుంది. మా ఇంట్లో గుంటూరు పాఠానికి ప్రతినిధి మా ఆవిడ. "తీగ లాగితే కదిలేది డొంక కాదా? అది పొదరా, దారా?" అని నేనడిగితే, "పొదలోంచి వెళ్లే దారి. మీరు రోజూ గీసుకుని వచ్చేది అక్కడే కదా" అని మోచేతులు చూపించింది. ఆ సమన్వయం శబ్దరత్నాకరంలో వెతికినా దొరకదు.

బాటను వెతికే ప్రమాణాలు మూడు. మొదటిది ఉపగ్రహ చిత్రం. తొక్కిన నేల మీద గడ్డి మొలవదు కనుక పైనుంచి చూస్తే బాట తెల్లటి దారంలా కనిపిస్తుంది. మే నెల చిత్రమైతే మేలు. సెప్టెంబరు చిత్రంలో అంతా వయ్యారిభామే. రెండోది, పరుగెత్తేవాళ్ల వాచీల నుంచి పోగుచేసి వెలుగుగీతల్లా చూపించే పటం. దాన్ని నమ్మి నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను. అందులో ఈ బాట లేదు. వాచీ పెట్టుకున్నవాడు వాచీ పెట్టుకున్నవాడి వెనకే పోతాడు, ఆ గీతే మరింత వెలుగుతుంది. ఇటు వెళ్లేవాళ్లెవరికీ, కింది పదంలో చెప్పబోయే ప్రాణులతో సహా, వాచీలు లేవు.

మూడోది ఊరి నక్ష. రెవెన్యూవాళ్ల పాత గ్రామపటంలో బండ్లబాటలు గీసి ఉంటాయి. వాటిని జనం నక్ష బాట అంటారు. పక్క పొలం ప్లాట్లయినా, ప్లాట్లు విల్లాలైనా, ఆ గీత కాగితం మీద అలాగే ఉంటుంది. నేల మీద ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. మా బాట ఒకచోట కొత్తగా వేసిన కడీల కంచెలోకి దూరి, అవతలవైపు తేలుతుంది. కంచె వేసినవాళ్లు అక్కడ ఒక మనిషి, ఒక బర్రె పట్టేంత సందు వదిలారు. దయవల్లనా, నక్షకు భయపడా, లేక బర్రె ఎలాగూ కడీలు పడగొడుతుందనా అన్నది తేలలేదు. నేను మూడోదానివైపు మొగ్గుతాను.

బర్రెలు పోతయ్ గద, గదే: ఇది ఆప్తవాక్యం. బర్రె తనకు ప్రయాసైన దారిన నడవదు. వాలును అడ్డంగా కోసుకుంటూ నెమ్మదిగా ఎక్కుతుంది. నిట్టనిలువు దారులు మనుషుల తెలివితక్కువ. దాని ఒడ్డూ పొడుగూ పట్టే సందులో పరుగెత్తేవాడి మోచేతులు సుఖంగా పడతాయి. "గద" అనడంలో కవి, ఇది నీకు తెలిసిందే అన్నట్టు మర్యాద చూపాడు. మూడేళ్లుగా ఆ బర్రెలు మా గేటు ముందు నుంచే పోతుంటే, అవి ఎక్కడికి పోతున్నాయని నేను ఒక్కనాడూ అనుకోలేదు. మంచి బాట కావాలంటే పరుగెత్తేవాళ్లను కాదు, పనిమీద నడిచేవాళ్లను అడగాలన్నది ఈ "గద"లోని ధ్వని. పాలు పిండాక ఎనిమిదింటికి మంద కదులుతుంది. అంతకుముందు బాట నాది, ఆ తరువాత వాటిది. దీని మీద మాకు తగాదా రాలేదు.

దోషాలు: ఒకటి పెండ. దాని గురించి చెప్పేదేముంది. రెండోది అసలు ప్రమాదం. వానల్లో మెత్తటి నేలలో దిగిన డెక్కల గుంటలు చలికాలానికి గట్టిపడి ఇటుకల్లా అవుతాయి. అరచేతి వెడల్పు, జానెడు లోతు. పైన గడ్డి కప్పుకుని ఉంటే మడమ తిరగడం ఖాయం. అక్కడ పెద్ద అంగలు కూడదు, చిన్న చిన్న అడుగులు వేస్తూ, మూడు బారల ముందుకు చూస్తూ పోవాలి. మూడోది పల్లేరు. పల్చటి అట్ట ఉన్న బూటులోంచి అది లోపలికి వచ్చి పలకరిస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు మందపాటి అట్టలోంచి కూడా వస్తుంది. పేరులో సర్కారు ఉన్నాక ఆపేదెవరు?

కుక్కలుంటయ్: స్పష్టం. ఏడు.

గని ఏమనయ్: "అను" ధాతువుకు పలుకుట అని అర్థం. ఏమనయ్ అనగా ఏమీ పలకవు. ప్రత్యక్షవిరోధం! అవి పలికినంత ఆ కట్ట మీద ఎవరూ పలకలేదు. కాబట్టి ఇక్కడ ముఖ్యార్థం బాధితమై లక్షణ ప్రవర్తిస్తోంది: ఏ హానీ చేయవు అని. దీన్నీ అక్షరాలా నమ్మమని చెప్పను. కరిస్తే వెంటనే పావుగంటసేపు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, ఆ పూటే వెళ్లి సూది వేయించుకోవాలి. ఇందులో వ్యాఖ్యాతలకు మతభేదం లేదు.

ఉరకకుండ్రి: మహావాక్యం. పరుగెత్తడానికి దారి అడిగినవాడికి దారి అంతా చెప్పి, చివర పరుగెత్తవద్దన్నాడు! దీని మీద నాలుగు మతాలు.

మా ఆవిడ మతంలో ఉరకడం అంటే దూకడం. పాత తెలుగులో ఆ అర్థం ఉన్నది నిజమే. కనుక "చెరువులోకి దూకకండి" అని కవి హితవు. మా కింది ఇంటి రిటైర్డ్ లెక్చరర్‌గారు, నా వయసు చూసి చేసిన సర్వనిషేధం అంటారు. మా అబ్బాయి, అది నా పరుగు చూసి చెప్పిన విమర్శ అంటాడు. దాన్ని ఖండించడానికి కూడా పూనుకోను.

నా మతం వేరు. ఒకే పనికి విధీ నిషేధమూ రెండూ వస్తే, చేసినా మానినా ఒకటే అనే వికల్పం ఏర్పడుతుంది. మీమాంసకులు దాన్ని చివరి దిక్కుగానే ఒప్పుకుంటారు. వీలైతే నిషేధాన్ని పర్యుదాసంగా, అంటే ఫలానాచోట తప్ప అని, తీసుకోమంటారు. అలా తీసుకుంటే, కుక్కలున్న చోట తప్ప తక్కినచోట ఉరకవచ్చు. అనుభవం దీన్ని బలపరుస్తోంది. కుక్క తరిమేది పరుగెత్తేదాన్ని. నిలబడినవాడి మీద దానికి ఆసక్తి సగం పోతుంది. వీపు చూపకుండా మెల్లగా నడిచేవాడి మీద మిగతా సగం పోతుంది. రాయి లేకపోయినా వంగి ఏరినట్టు నటిస్తే ఏడింటిలో అయిదు ఇంటికి వెళతాయి. నేను కట్ట మొదట పరుగు, తూము దగ్గర నడక, మైసమ్మ దాటాక మళ్లీ పరుగు అనే క్రమం పాటిస్తున్నాను. తరువాత తెలిసిందేమంటే కొండదారుల్లో పోటీలకు వెళ్లేవాళ్లు కూడా ఎక్కుడు వచ్చినచోట సిగ్గుపడకుండా నడుస్తారట. వాళ్లు ఎక్కుడుకు నడుస్తారు, నేను కుక్కలకు.

గంతే: ఇత్యర్థః.

తాత్పర్యము

సుగమము.

ప్రక్షిప్త నిర్ణయం

ఈ వ్యాఖ్య సగంలో ఉండగా మూలకర్తను వేరే సైటుకు మార్చారు. ఎడమ ఎవరిదో ఆయన నోటనే ఒకసారి విని రూఢి చేసుకుందామనుకున్నది కుదరలేదు. ఆయన స్థానంలో వచ్చిన కుర్రవాడిని పరీక్షార్థం, "తమ్మీ, ఇక్కడ ఉరకనీకి బాటేమన్న ఉన్నదా?" అని అడిగాను. ఫోను మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు: "గిడ ఏ బాట లేదు సార్. జిమ్ము రెండో బ్లాకుల ఉన్నది."

శైలిలో పోలిక ఉంది. అయినా అర్థం మూలానికి విరుద్ధం, పైగా చెబుతున్నప్పుడు అతని వెనక నుంచి బర్రెలు పోతున్నాయి. కనుక ఈ వాక్యం ప్రక్షిప్తం.