పాటలో సగం నాది

వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంటి ముందుగదిలో ఉంటాను. అప్‌రైట్ పియానోని. పుట్టింది లండన్‌లో. ఓడలో బొంబాయికి, అక్కణ్ణుంచి రైల్లో సికింద్రాబాద్‌కి వచ్చి నూరేళ్లు దాటింది. ఎండదేశాలకు పంపే పియానోలకు జిగురు ఒక్కటే చాలదని చెక్కలకు ఇత్తడి మరలు కూడా బిగించేవారు. ఆ ముందుచూపు వల్లే ఇన్ని వేసవులు తట్టుకున్నాను.

నా లోపల ఏముందో చాలామంది చూసి ఉండరు. మెట్టు నొక్కితే ఫెల్టు తొడిగిన చిన్న చెక్కసుత్తి లేచి తీగను కొట్టి, వెంటనే వెనక్కి తగ్గుతుంది. తారస్థాయి స్వరాలకు మూడేసి తీగలు, మంద్రానికి రాగి చుట్టిన తీగలు రెండేసి, మరీ అడుగున ఒక్కొక్కటే. అన్నీ కలిపి రెండు వందల పైచిలుకు. వాటి బిగి మొత్తం టన్నుల లెక్కలోనే చెప్పాలి, పదిహేనుకు తక్కువుండదు. ఆ భారమంతా పోత ఇనుప చట్రం మోస్తుంది. కానీ నాదం పలికేది దాని వెనకున్న పల్చటి చెక్కపలక. మే నెల పొడిగాలికి ఆ పలక ముడుచుకుని శ్రుతి దిగిపోతుంది. ముసురు పడితే ఉబ్బి శ్రుతి పైకెక్కుతుంది, మెట్లు ఇరుక్కుంటాయి. అందుకే ఈ ఇంటి టీచరమ్మ ఎండాకాలం నా కింది పలక తీసి లోపల గిన్నెతో నీళ్లు పెడతారు. వానాకాలం అదే చోట చిన్న బల్బు వెలిగిస్తారు. నన్ను ఇంత బాగా చూసుకున్నవాళ్లు మరొకరు లేరు.

1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఏర్పడిన కంటోన్మెంట్ ఇది. తిరుమలగిరి, బొల్లారం బంగళాల్లో నాలాంటివి చాలా ఉండేవి. కీర్తనలు, వాల్ట్జ్‌లు, భోజనాలయ్యాక పాడుకునే పాటలు వాయించేవారు. వాటిలో ఒకదాన్ని మాత్రం నేను ప్రత్యేకంగా తలుచుకుంటాను. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు తొలి కవితల పుస్తకం ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ 1905లో లండన్‌లో అచ్చయింది. కొద్దికాలానికే లీజా లేమన్ అనే ఇంగ్లిష్ స్వరకర్త ఆ కవితల్ని నలుగురు గాయకుల కోసం పాటలమాలగా కట్టింది. ఆ మాలకీ అదే పేరు. సరోజినీ నాయుడు ఉన్న ఇంటికీ అదే పేరు నిలిచింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. అంటే మన ఊరి కవిత్వం గొంతుకీ పియానోకీ కలిపి పాటైన సందర్భం నూరేళ్ల కిందే ఉంది. అది జరిగింది లండన్‌లో, ఇంగ్లిష్ మాటలతో. ఇక్కడ, తెలుగు మాటలతో ఎందుకు జరగలేదన్నది నా పాత బాధ.

దొరలు వెళ్లాక లాలాగూడ ఆంగ్లో-ఇండియన్ రైల్వే కుటుంబం ఒకటి నన్ను కొనుక్కుంది. వాళ్లూ తమవాళ్లెందరిలాగానో ఆస్ట్రేలియాకు వెళ్లిపోయారు. తర్వాత ఒక బడి స్టోర్‌రూమ్‌లో విరిగిన బెంచీల మధ్య పడి ఉన్నాను. చెదలు ఎడమ కాలు దాకా వచ్చాయి. అక్కణ్ణుంచి టీచరమ్మ తెచ్చుకున్నారు.

ఇక మొన్న డిసెంబర్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన కచేరీ సంగతి చెప్పాలి.

ముందుగదిలో ముప్ఫై కుర్చీలు పట్టడమే కష్టం. చోటు చాలనివాళ్లు గడప దగ్గర చాప మీద కూర్చున్నారు. మైకు లేదు. పొద్దున్నే ట్యూనర్ వచ్చి శ్రుతి చేసి వెళ్లాడు. నన్ను గోడ నుంచి జరిపి కాస్త ఏటవాలుగా పెట్టారు, వాయించే మనిషికి పాడే మనిషి ఊపిరి కనిపించాలి కదా. ఫ్యాన్లు ఆపేశారు. నోట్స్ కాగితాలకు బట్టల క్లిప్పులు పెట్టారు. పాడింది టీచరమ్మ దగ్గర చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న అమ్మాయి.

ఆ సాయంత్రం వినిపించింది జర్మన్ దేశాల్లో ఇళ్ల ముందుగదుల్లోనే పెరిగిన సంగీతం. ఒక కవిత, ఒక గొంతు, ఒక పియానో, అంతే. వియన్నాలో 1797లో పుట్టిన షూబర్ట్ ముప్ఫై ఒక్కేళ్లకే పోయాడు, ఆ లోపునే ఆరు వందలకు పైగా ఇలాంటి పాటలు కట్టాడు. వాటిని మొదట విన్నది ఆయన స్నేహితులు, సాయంత్రాలు ఒకరింట్లో ఒకరు చేరి.

మొదటి పాట, పదిహేడేళ్ల వయసులో 1814 అక్టోబర్‌లో ఆయన రాసిన ‘రాట్నం ముందు గ్రెట్చెన్’. మాటలు గేటే ‘ఫౌస్ట్’ నాటకంలోవి. ప్రేమించినవాడు దగ్గర లేడు, మనసు నిలవదు, ఆ పిల్ల నూలు వడుకుతూ పాడుకుంటుంది. కుడిచేతి వేళ్లు ఆగకుండా చిన్న సుడి తిప్పుతుంటాయి. అది రాట్నం చక్రం. ఎడమచేతిది కాలితో తొక్కే చప్పుడు. గొంతు ఏం చెబుతున్నా నా చక్రం తిరుగుతూనే ఉంటుంది. చివరికి అతని ముద్దు గుర్తొస్తుంది. గొంతు పైకెళ్లి నిలిచిపోతుంది, చక్రం ఆగిపోతుంది. టీచరమ్మ చేతులు కూడా నా మెట్ల మీద కదలకుండా ఉండిపోయాయి. ఆ తర్వాత చక్రం వెంటనే అందుకోదు. ఒకసారి కదిలి ఆగుతుంది. మళ్లీ కదిలి ఆగుతుంది. అప్పుడు గానీ తిరగదు. రాట్నం ఆగిందని ఆ పిల్ల మాటల్లో ఎక్కడా లేదు. ఆ సంగతి చెప్పేది నేనొక్కదాన్నే.

నన్ను పక్కవాద్యం అనేవాళ్లకు ఈ ఒక్క పాట వినిపిస్తే చాలు.

తర్వాతి వంతు షూమన్‌ది. 1840లో ఆయన హైనే కవితలకు కట్టిన ‘కవి ప్రేమ’లో పదహారు పాటలున్నాయి. ఆ రోజు కొన్నే పాడారు, ఆఖరిది మాత్రం వదల్లేదు. అందులో గాయని పాడాల్సింది అయిపోయాక, మాటలు లేకుండా పియానో ఒక్కటే చాలాసేపు మాట్లాడుతుంది. కోపం, హేళన అన్నీ మాటల్లో వెళ్లిపోయాయి, మిగిలిన క్షమ నాకు వదిలాడు షూమన్. మనవాళ్లకు గొంతు ఆగగానే చప్పట్లు కొట్టడం అలవాటు. అందుకే టీచరమ్మ ముందే చెప్పారు: “నేను చేతులు తీసేదాకా పాట అయిపోలేదు, దయచేసి ఆగండి.” అందరూ ఆగారు. ఆ అమ్మాయి కూడా కూర్చోలేదు. పాడుతున్నట్టే నిలబడి వింది. మంచి గాయని అని నేను అప్పుడే తేల్చుకున్నాను.

గుర్రం దౌడు మీద సాగే షూబర్ట్ ‘ఎర్ల్‌కింగ్’ మాత్రం పెట్టుకోలేదు. అందులో కుడిచేయి ఒకే స్వరాన్ని మూడేసి దెబ్బలుగా దాదాపు పాటంతా కొడుతూనే ఉండాలి. టీచరమ్మ మణికట్టు ఇప్పుడు దానికి ఒప్పుకోదు.

చివరగా ‘శీతకాల ప్రయాణం’లో 24వ పాట. విల్హెల్మ్ మ్యూలర్ కవితలకు షూబర్ట్ 1827లో కట్టిన మాల అది. ఆయన స్వయంగా పాడి వినిపిస్తే స్నేహితులకు ఆ చీకటి మింగుడుపడలేదు. ఒక్క లిండెన్ చెట్టు పాట మాత్రం నచ్చిందన్నాడొకడు. ఏడాది తిరిగాక మరణశయ్య మీద ఆయన దిద్దింది ఈ మాల రెండో భాగం ప్రూఫులే. ఈ ఆఖరి పాటలో ఊరి చివర మంచు మీద వట్టికాళ్లతో ఒక ముసలాయన చక్రవాద్యం తిప్పుతుంటాడు. ఎవరూ వినరు, పళ్లెంలో డబ్బు పడదు. అందులో నా ఎడమచేతి పని ఒకటే: షడ్జమం, పంచమం కలిపి మోగించడం. మొదట్నుంచి చివరిదాకా అదే. మొదటి రెండుసార్లు మాత్రం పంచమానికి కాస్త కింద నుంచి జారి చేరుకుంటాను.

పాట అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఆ అమ్మాయి అమ్మమ్మగారు నోరు విప్పారు. ఆవిడ వీణ నేర్చుకున్న మనిషి.

“ఏంటే, నీ జర్మన్ పాటకి తంబూరా పెట్టారా?”

“తంబూరా కాదమ్మమ్మా, మిస్ ఎడమచేయి అది.”

“అదే చెబుతున్నా. సా, పా. ఇంకేముంది అందులో! పాపం ఆ ముసలాయన... ఇంకోసారి పాడవే.”

మళ్లీ పాడింది. భాష రాని ఆవిడకు ఆ పాట అందింది, నా రెండు స్వరాల వల్ల అందింది. నా జీవితంలో ఇంతకంటే పెద్ద మెప్పు లేదు.

ఇక నా బాధ దగ్గరికి వస్తాను. షూబర్ట్ పుట్టిన సరిగ్గా నూరేళ్లకు, 1897లో, దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టారు. 1925లో నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ వచ్చాయి. కవి రాసిన గీతానికి ఒంటరి గొంతు, ఇంటి గది చాలని తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. రేడియో లలితగీతాలు పెంచింది ఆ రుచినే. సాలూరి రాజేశ్వరరావు, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివాళ్లు మాటను నలగనివ్వకుండా రాగం కట్టగలిగారు. ఆ మాటల పక్కన పూర్తి బాధ్యతతో కూర్చునే పియానో భాగం మాత్రం నా చేతికి రాలేదు.

నాకు గమకం రాదు. రెండు మెట్ల మధ్య నాకు చోటు లేదు. కానీ గమకం గొంతు చూసుకుంటుంది. గ్రెట్చెన్ పాటలో రాట్నాన్ని నేను చూసుకున్నట్టే, ఎంకి పాటలో ఏరునీ నాయుడుబావ అడుగుల్నీ నేను చూసుకుంటాను. తంతి నాదం నాకూ ఉంది, నిశ్శబ్దమూ నాకు తెలుసు.

స్వరం కట్టడం తెలిసిన పిల్లలు ఈ జంటనగరాల్లో ఉన్నారు. పియానో గ్రేడ్ పరీక్షలు పాసై, సర్టిఫికెట్ గోడకు తగిలించి, మూత దించేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ నా మనవి ఇది: మీకు ఇష్టమైన ఒక తెలుగు కవిత తీసుకోండి. గొంతుకొక వరస, రెండు చేతులకు రెండు వరసలు రాయండి. ఆదివారం సాయంత్రాలు టీచరమ్మ ఇంట్లోనే ఉంటారు. జనవరిలో రండి, అప్పుడు నా శ్రుతి బాగా నిలుస్తుంది.